వినకుండా కొట్టిన ఊ

భద్రాచలంలో పిల్లల చదువు కోసం పనిచేసే చిన్న సంస్థ ఒకటి ఉండేది. అందులో కంప్యూటర్ ముందు కూర్చునే రవీందర్‌ది ములకలపల్లి. పాలిటెక్నిక్ చదివాడు. చేతివేళ్లు మహా చురుకు. చెవులు మాత్రం అలంకారానికే.

అడవి పల్లెల బళ్లలో కోయ పిల్లలు తెలుగు అర్థంకాక బిక్కమొహాలు వేస్తుంటే, వాళ్ల కోసం ఈ సంస్థ ఒక సీడీ తయారుచేసింది. తెర మీద చెట్టు బొమ్మ నొక్కితే దాని పేరు ముందు కోయలో, తర్వాత తెలుగులో వినిపిస్తుంది. రెండూ పలికే గొంతు ముత్తక్క అనే కోయ అవ్వది. సంత రోజున ఇప్పపువ్వు అమ్ముకుని, ఖాళీ గంప గుమ్మం దగ్గర బోర్లించి, వచ్చి మైకు ముందు కూర్చునేది.

ఒక్క మాట చెప్పి ఆగేది. ఎదుటివాడు ఊ అంటేనే రెండో మాట. కథ చెప్పినా అంతే, కుందేలు పేరు చెప్పినా అంతే. రవీందర్ కళ్లు తెరకు అప్పగించి ఊ, ఊ అంటుండేవాడు.

"ఊ కొడ్తున్నవ్ గని, విన్నవా పోరడా?"

"విన్న అవ్వా."

"ఏం విన్నవ్? నేనింకా నోరే తెరవకపోతిని!"

పక్కగదిలో హైమ పకపకా నవ్వేది. సత్తుపల్లి నుంచి వచ్చిన మనిషి, బడిబడికీ తిరిగి ఈ సీడీలు ఆడించి చూపేది ఆమే.

కొత్త మాటలు వచ్చినప్పుడల్లా గొంతులూ బొమ్మలూ ప్రోగ్రామూ ఒక్కటిగా కూర్చి సీడీకి ఎక్కించాలి. దాన్ని బిల్డు అంటారు. చేత్తో కూర్చితే పూటంతా పోయేది. అందుకని రవీందర్ ఆ పని కంప్యూటరుకే అప్పజెప్పాడు. మీట నొక్కి ఇంటికి పోతే అదే కూర్చుకునేది. ఒక్కో పని కాగానే తెర మీద "ఊ" అని పడేలా రాశాడు, ముత్తక్కను ఆటపట్టించడానికి.

"సూడవ్వా, నా మిషిను గూడ ఊ కొడ్తది."

"నీ మిషినే గద, నీలెక్కనే ఉంటది తియ్," అంది ముత్తక్క.

చిక్కేమిటంటే, ఆ బిల్డు రవీందర్ కంప్యూటరు మీద నడిచినట్టు ఇంకోదాని మీద నడిచేది కాదు. ఫోల్డరు చోటు మారినా, పేరు మారినా సగంలో ఆగి కూర్చునేది. ఆగిందంటే రవీందర్‌కు ఫోను. విసిగిపోయి ఓ ఆదివారం దానికి కొత్త బుద్ధి నేర్పాడు. ఏది దొరక్కపోయినా ఆగొద్దు, దాన్ని వదిలేసి ఊ కొట్టి ముందుకు పొమ్మన్నాడు.

"ఆగితే ఆగనివ్వండి రవీందర్ గారూ, ఏం తక్కువైందో తెలుస్తుంది కదా," అంది హైమ.

"ఆగితే అందరు నా పానం తోడ్తరు మేడం. ఇగ సూడుండ్రి, ఏ మిషిన్ల ఏస్తె ఆ మిషిన్ల నడుస్తది."

నడిచింది. దేన్నీ పట్టించుకోకుండా నడిచేదానికి అడ్డేముంది?

2006 వానల్లో గోదావరి ఊళ్లోకి వచ్చింది. ఆఫీసును మేడ మీది గదికి మార్చి కొత్త కంప్యూటరు కొన్నారు. పాతదానిలోంచి అన్నీ తెచ్చాననుకున్నాడు రవీందర్. ముత్తక్క గొంతులున్న ఫోల్డరు పాతదానిలోనే ఉండిపోయింది. బిల్డు నడిపాడు. తెర నిండా ఊ, ఊ, ఊ. ఇంకేం, పాతదానిలో ఉన్నవన్నీ తుడిచేసి దాన్ని ఒక బడికి ఇచ్చేశాడు. కొత్త మాటలు ఎక్కించడానికి బళ్ల నుంచి తెప్పించిన పాత సీడీలు చెరిపి రాసుకునే రకం. వాటినీ చెరిపి, కొత్త బిల్డు ఎక్కించి పంపాడు. ఒక్కటి పెట్టి విని చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

ఆ చలికాలం ముత్తక్కకు జ్వరం తగిలింది. దవాఖానాకు మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆమె పోయాక హైమ పర్ణశాల వైపు బడికి వెళ్లొచ్చింది.

"బొమ్మ నొక్కితే ఏం పలకట్లేదండీ. స్పీకర్లు పాడయ్యాయనుకుని సార్లు ఊరుకున్నారంట."

రవీందర్ సీడీ పెట్టాడు. చెట్టు నొక్కాడు. కుందేలు నొక్కాడు. వాన నొక్కాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

బళ్లన్నీ తిరిగాడు. చివరికి ఒకచోట బీరువా వెనక, తిరిగి పంపడం మరిచిన పాత సీడీ దొరికింది. నిండా గీతలు. మాటలన్నీ గరగరలాడి ఆగిపోయాయి. అప్పట్లో కత్తిరించకుండా వదిలేసిన ముక్క ఒక్కటే తేటగా పలికింది. "విన్నవా పోరడా?" దాని వెనకే అతని గొంతు. "ఊ."

బిల్డును తిరగరాశాడు. ఇప్పుడది తనకు కావలసినవన్నీ ఒకే మూటగా వెంట తెచ్చుకుంటుంది, ఏ కంప్యూటరులో దించినా ఆ మూటలోనే వెతుక్కుంటుంది. మొదలుపెట్టే ముందే ఒక్కొక్కటీ సరిచూసుకుంటుంది. ఒక్క గొంతు తక్కువైనా కదలదు. తెర మీద "విన్నవా?" అని పడుతుంది. ఇంత బుద్ధి ముందే ఎందుకు లేకపోయిందని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండుననుకునేవాడు.

మరుసటి ఏడు హైమ ఆదెమ్మ అనే మరో కోయ మనిషిని పిలుచుకొచ్చింది. ఆదెమ్మ మైకు ముందు ఒక మాట చెప్పి ఆగింది.

"ఊ అనవేంది బిడ్డా? ఊ కొట్టనోనికి నేనేం చెప్పాలె?"

అతను కుర్చీని తెర వైపు నుంచి ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆమె అన్న మాటను పెదాల మీదే ఒకసారి పలికి చూసుకున్నాడు.

"మల్లొక్కపారి చెప్పవ్వా," అన్నాడు.