సముద్రం కాడ మస్టర్

మా ఆయన ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. భూపాలపల్లిల మేముండే క్వార్టరు నుంచి చూస్తే బాయి ఎటు దిక్కున్నదో తెలుస్తది గని లోపల ఏముంటదో తెల్వది. ఆడోళ్లను దిగనియ్యరు. పెండ్లయిన కొత్తల అడిగిన, కింద ఎట్లుంటది అని. "చీకటుంటది" అన్నడు. పిల్లలు పుట్టినంక మళ్ల అడిగిన. "ఏముంటది, బొగ్గుంటది" అన్నడు. ఒకసారి పైకప్పు కూలి ఆయన జతగాడు ఒకాయన పోయిండు. ఆ రోజు ఇంటికొచ్చి నీళ్లు పోసుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ తరువాత బాయి ముచ్చట ఎత్తితేనే లేచి బయటికి పోతుండె.

రిటైరయ్యే ఏడు దగ్గర పడ్డకొద్ది నాకు ఒకటే పరేషాన్. రేపు ఆయన ఇంట్ల కూసుంటే ఆ ముచ్చట ఇంక ఎవరు ఎత్తరు. నా సంసారమంత ఏ చోట నుంచి వచ్చిందో నాకు తెల్వకుంటనే పోతదనిపించేది.

అడుగుడు నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. నేను పుట్టింది లింగాల ఘనపూర్ దిక్కు. బడికి పోలేదు. నలభై ఏడేండ్లు నిండినంక, కాలనీల ఆడోళ్లకు పొద్దుమీకి చదువు చెప్తున్నరంటే పోయి అక్షరాలు నేర్చుకున్న. అవి ఉద్యమం రోజులు. ఏ గోడ చూసినా జై తెలంగాణ అని రాసి ఉండేది. నేను తడుముకోకుండ చదివిన మొదటి మాటలు అవే. చదువు వచ్చినంక అడిగే రోగం ఇంక ముదిరిందని మా ఆయన అంటడు.

బాయి పనోళ్లకు కొన్నేండ్లకు ఒకసారి ఊర్లు తిరిగి రానీకె సెలవిస్తరు. మేము పోదామనుకున్న ఏడు తెలంగాణ కోసం సమ్మె పడ్డది. బాయిలన్ని బందు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకొని తిన్నం, ప్రయాణం ముచ్చట మరిచిపోయినం. మళ్ల సెలవు దొరికేసరికి అందరు తిరుపతి అన్నరు. పక్క క్వార్టరు అక్క మాత్రం అండమాన్ పోయి వచ్చి నాకొక మాట చెప్పింది.

"అక్కడ సముద్రం అడుగుకు దింపుతరు చెల్లె. ఇనుప టోపీ పెట్టి దింపుతరు. నాకు భయమై నేను దిగలే."

ఇనుప టోపీ, దిగుడు. నా మనసు అక్కడనే పడ్డది. బాయిల దిగనియ్యకపోతే పాయె, సముద్రంల దిగుత అనుకున్న. కింద అంటే ఎట్లుంటదో నాకు తెలుస్తది. మా ఆయనకు చెప్పలేదు. "జైలు చూద్దం, సముద్రం చూద్దం" అన్న. సరే అన్నడు. మానుకోటల ఆడిబిడ్డ ఇంట్ల ఒక పూట ఉండి, అక్కడ రైలెక్కి మద్రాసు పోయినం. అక్కడ నుంచి విమానం.

పోర్ట్ బ్లెయిర్ల మమ్ముల తిప్పిన డ్రైవర్ తెలుగాయననే. నలభై ఏండ్లుంటయి. వాళ్ల నాయిన శ్రీకాకుళం దిక్కు నుంచి కట్టె కోసే పనికి వచ్చిండట. నేను రెండు మాటలు మాట్లాడంగనే నవ్విండు.

"ఏటమ్మా, మీ మాట సినిమాల్లో యిన్నాను. నిజంగా అలగే మాటాడతారేటి?"

"సినిమాల్ల దొంగలు మాట్లాడుతరు గద, గదేనా?"

"దొంగలూ, రౌడీలూ" అన్నడు ఇంక నవ్వుకుంట.

"మీ మాట ఎవలతోని మాట్లాడిపిస్తరో చెప్పాల్నా? పనిమనిషితోని. నేను సుత సినిమాలు చూసిన బిడ్డా."

ఆయన బండి నడుపుకుంటనే చెయ్యెత్తి మొక్కిండు. "వొప్పుకున్నానమ్మా. మనిద్దరినీ ఒకేలా నవ్వులకి వాడుకున్నారు." మళ్ల ఆయననే అడిగిండు, "మరి రాష్ట్రం యిడిపోతే మా గతేటండీ?"

"నీకేంది, నువ్వు ఎప్పుడో ఇడిపోయి సముద్రం నడుమ కూసున్నవు" అన్నడు మా ఆయన. ఆ రోజు ఆయన నోట వచ్చిన పెద్ద మాట అదే.

మొదటి రోజు జైలు చూసినం. పొడుగ్గ గదులు, వరుసగ, మూడంతస్తులు. గదికొక తలుపు, పైన ఎక్కడనో చిన్న కిటికీ. అందరు గోడలకు మొక్కుకుంట, ఫోటోలు దిగుకుంట పోతున్నరు. మా ఆయన ఒక గదిలకు పోయి చేతులు చాపి వెడల్పు చూసిండు. బయటికొచ్చి తలుపు గడియ పట్టుకొని చాలాసేపు చూసిండు. లోపలి మనిషి చెయ్యి చాపినా అందకుండ గడియ కొసను దూరంగ గోడల తొలిచిన బొక్కల పెట్టిన్రు. "ఎవడు చేసిండో గని పనోడు" అన్నడు. మళ్ల లోపలికి పోయి కిటికీ దిక్కు మొఖం పెట్టి నిలబడ్డడు.

"గాలి ఆడ్తున్నది" అన్నడు.

"మరి బాయిల ఆడదా?"

ఆయన విననట్టే మెట్లు దిగిండు. నేను వెనుక దిగుకుంట అనుకున్న, అడిగితే చెప్పడు గని, ఈ మనిషి ఎక్కడికి పోయినా ముందుగాల గాలినే చూస్తడు.

సాయంత్రం కార్బిన్స్ కోవ్ పోయినం. కొబ్బరిచెట్ల కింది దాక ఇసుక. నాకు అప్పటిదాక పెద్ద నీళ్లంటే కాళేశ్వరం కాడ గోదారే. గోదారికి అవతలి ఒడ్డుంటది, అక్కడ చెట్లు కనవడ్తయి, ఎవరన్న బట్టలు పిండుకుంట కనవడ్తరు. ఇక్కడ ఎంతసేపు చూసినా ఏమి లేదు. వేలు ముంచి నాలికె మీద పెట్టుకున్న. ఉప్పుంటదని తెలుసు, అయినా చూడాలె గద. అయిదున్నరకే పొద్దు గూకింది. ఇంత జల్ది ఎందుకని డ్రైవర్‌ను అడిగిన. "మేం తూర్పున వున్నాం గదమ్మా, గడియారం మాత్రం మీదే" అన్నడు. ఆ మాట నాకు మస్తు నచ్చి నోట్‌బుక్కుల రాసుకున్న. నేను ఎటు పోయినా చేతి సంచిల ఒక నోట్‌బుక్కు, పెన్ను ఉంటయి.

తెల్లారి దీవులకు పోయే పడవ ఎక్కినం. ముందు నార్త్ బే, తరువాత రాస్ దీవి. డ్రైవర్ సుత మా వెంట వచ్చిండు. నార్త్ బేల ఒడ్డుకు దూరంగ నీళ్ల మీద తేలే ఒక పెద్ద తెప్ప లాంటిది ఉన్నది. అక్కడి నుంచే దిగేది. ఊకె చూసొద్దమని మా ఆయనను దాని మీదికి తీస్కపోయిన. తెప్ప మీద ఇనుప టోపీలు వరుసగ పెట్టి ఉన్నయి. అప్పుడు చెప్పిన.

"నేను దిగుత."

మా ఆయన నా దిక్కు చూసిండు. "ఏడికి?"

"కిందికి."

"నీకేమన్న పిచ్చా? ఒద్దు."

"ఎందుకొద్దు?"

"ఒద్దంటే ఒద్దే. పైన ఇంత సముద్రముంటె కింద ఏం పని నీకు?"

"నీకేం పని ఉండె ముప్పై ఏండ్లు?"

"నాది కూలి. నీది కోరిక."

"కోరికనే. నువ్వు చెప్పవు. అడిగి అడిగి నా నోరు పోయింది. కిందంటే ఎట్లుంటదో నేనే పోయి చూస్త."

చుట్టుపక్కలోళ్లు చూస్తున్నరు. డ్రైవర్ మా ఇద్దరి నడుమకు వచ్చిండు. "బాబూ, డెబ్బయ్యేళ్లోళ్లు కూడా దిగుతారు. తల తడవదు. కింద మనిషి పక్కనే వుంటాడు. దిగనీండి." మా ఆయన ఏమి అనలేదు. ఆయన ఊకున్నడంటే ఒప్పుకున్నట్టే అని నేను పట్టుకున్న.

చీరతోని దింపరట. అక్కడొక మరుగుంటె పోయి, మా ఆయన రాత్రి తొడుక్కునే పాయింటు సంచిలుంటే అది తొడుక్కున్న. పైన వాళ్లిచ్చిన బనీను. నా జీవితంల పాయింటు తొడుగుడు అదే మొదలు. బయటికొస్తే మా ఆయన నవ్వుతడేమో అనుకున్న. ఆయన నవ్వే తీరుల లేడు. తెప్ప మీదాయనను నిలదీస్తున్నడు, బాయిల నేర్చిన హిందీల.

"కిందికి ఎంతమంది పోతున్నరు?"

"నలుగురు."

"పేర్లు ఏడ రాసిన్రు?"

"ఇందాకనే సంతకాలు తీసుకున్నం గద."

"అది కాదు. ఇప్పుడు ఎవలెవలు దిగుతున్నరు, మళ్ల ఎవలెవలు పైకొచ్చిన్రు, అది ఏడ రాస్తరు?"

"నలుగురే గద సాబ్, కండ్లతోని చూస్తం."

"కండ్లతోని కాదు" అన్నడు మా ఆయన. గొంతు పెద్దగ చెయ్యలేదు. "మా బాయిల ఒకనాడు కప్పు కూలింది. అందరం ఉరికి బయటికొచ్చినం. దుమ్ముల ఎవలు వచ్చిన్రో ఎవలు రాలేదో కండ్లకు తెల్వలే. మస్టర్ చదివితే తెలిసింది, ఒకడు తక్కువ అని."

బాయిల దిగేటప్పుడు పేరు పడుడును మస్టర్ అంటరు. అది మాకందరికి తెలుసు. కాని ఆ రోజు సంగతి ఆయన నోట వినుడు నాకు అదే మొదలు. నేను పాయింటు పట్టుకొని అట్లనే నిలబడ్డ.

మా ఆయన నా సంచిలకెల్లి నోట్‌బుక్కు తీసి, పేర్లు రాయుమని దిగేటోళ్ల ముందట పెట్టిండు. నాతోని పాటు దిగేటోళ్లు ముగ్గురు. ఒక కొత్త జంట, ఒక బెంగాలాయన. పెండ్లి పిల్ల నవ్వింది గని రాసింది. వాళ్లది హిందీల, ఆయనది బెంగాలీల. తరువాత నాకిచ్చిండు. నేను తెలుగుల రాసిన. అక్షరాలు పైకి కిందికి పోయినయి.

"మంచిగ రాయి" అన్నడు.

"మంచిగనే ఉన్నది."

తెప్ప నుంచి నీళ్లలకు దిగే నిచ్చెన రెండు మెట్లు దిగినంక తెప్ప మీదాయనను అడిగిన, "లైటు ఇయ్యరా?"

"లైటు ఎందుకు?"

"కింద చీకటుంటది గద."

ఆయనకు అర్థం కాలేదు. డ్రైవర్ పగలబడి నవ్విండు. మా ఆయన నవ్వలేదు. ఆయన గూడ లైటు కోసమే చూస్తున్నడని నాకు అప్పుడు తెలిసింది.

టోపీ నెత్తిన పెట్టంగనే మెడ విరిగినంత బరువైంది. నీళ్లలకు పోంగనే ఆ బరువు ఎటు పోయిందో తెల్వలేదు. చెవులు పిండినట్టు నొచ్చినయి. గుటక మింగుమని కిందాయన సైగ చేసిండు, మింగిన, తగ్గింది. టోపీలకు గాలి వచ్చే సప్పుడు, బుడగలు పోయే సప్పుడు తప్ప ఇంకేమి లేదు. కాళ్లకు ఇసుక తగిలింది.

చీకటి లేదు. అంత వెలుగే. ఆకుపచ్చ వెలుగు, ఊగే వెలుగు. పసుపు మీద నల్ల గీతలున్న చేపలు గుంపుగ వచ్చినయి. చేతుల ఏదో తిండి పెడ్తే వేళ్ల సందులకెల్లి దూరి తిన్నయి. చెట్లో, రాళ్లో తెల్వనివి ఉన్నయి. ముట్టబోతే కిందాయన వద్దని చెయ్యి ఊపిండు. ఇది ఏంది, అది ఏంది అని అడగాలని నోరు కొట్టుకుంటున్నది, అడిగేటట్టు లేదు. నేను ఒక మాట అడగకుంట అంతసేపు ఉన్నది నా బతుకుల అదే కావచ్చు.

ఒకసారి కండ్లు మూసుకున్న. చీకటి ఎట్లుంటదో చూద్దమని. పైన అంత నీళ్ల బరువు, చెవులల్ల గాలి సప్పుడు, ఎటు చూసినా ఏమి లేదు. పది లెక్కపెట్టుకోవాలనుకున్న. నాలుగు కాడ తెరిచిన.

పైకొచ్చేటప్పుడు ఒకరి తరువాత ఒకరిని పంపిన్రు. నేను ఆఖరు. టోపీ తీయంగనే ముందుగాల కనవడ్డది మా ఆయన మోకాళ్లు. నిచ్చెన కొసకే కూసున్నడు, నోట్‌బుక్కు తొడ మీద పెట్టుకొని. ముగ్గురి పేర్ల పక్కన ఒక్కొక్క గీత ఉన్నది. నా పేరు పక్కన పెన్నుతోని పొడిచి పొడిచి కాయితానికి బొక్క పడ్డది. దాని మీదనే గీత గీసిండు.

"ఇరవై నిమిషాలన్నరు" అన్నడు. "ఇరవై మూడైంది."

డ్రైవర్ నా చెవుల అన్నడు, "అమ్మా, ఈయన కూకోలేదు, నిలబడలేదు. నీళ్లలోకి దూకేత్తాడేటో అని నేను చొక్కా పట్టుకున్నాను."

నేను ముప్పై ఏండ్లు పొద్దుగాల డ్యూటీకి పంపి, బాయి కాడి సైరన్ కోసం చెవులు పెట్టుకొని బియ్యం ఏరిన మనిషిని. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది. ఆయన మొఖం చూసి చెప్పలేదు.

పడవ అక్కడ నుంచి రాస్ దీవికి పోయింది. దొరలు కట్టుకున్న ఇండ్లట, కప్పులు లేవు. గోడలను చెట్ల వేర్లు చేతులతోని పట్టుకున్నట్టు పట్టుకున్నయి. జింకలు మనుషుల నడుమ తిరుగుతున్నయి. ఒక కూలిన గోడ మీద కూసున్నం. తల తుడుచుకుందామంటే నిజంగనే తల తడవలేదు.

"కింద ఏం కనవడ్డది?" అని అడిగిండు మా ఆయన.

"నువ్వు ముందు చెప్పు. నేను ముప్పై ఏండ్ల కిందట అడిగిన."

ఆయన కింది నుంచి ఒక పుల్ల తీసుకున్నడు. మన్నుల గీత గీసిండు. "ఇది దిగే తొవ్వ. ఏటవాలుగ పోతది. గాలి ఇటు నుంచి వస్తది, అటు పోతది. ఇగో ఇవి గల్లీలు. మన కాలనీ తీరుగనే, అడ్డం నిలువు. వాటికి నంబర్లుంటయి."

"ఎండకాలం ఉడుకుంటదా?"

"పని జాగల మస్తు ఉడుకు. గాలి తొవ్వల చల్లగుంటది."

"సప్పుడు?"

"కప్పు మాట్లాడుతది. పటపట అంటది. కొత్తోళ్లు భయపడ్తరు. సప్పుడు చేస్తే భయం లేదు, చేసి చేసి ఆగితే భయం." కొద్దిసేపు పుల్లతోని గీతల మీదనే మళ్ల గీసిండు. "టిఫిను తెరిస్తే ఎలుకలొస్తయి."

"ఎలుకలా? తరుమరా?"

"ఎందుకు తరుముతం? అవి ఉరికినయంటే మేము ఉరకాలె. నువ్వు పెట్టిన రొట్టెల సగం రొట్టె వాటికే."

"ముప్పై ఏండ్ల నుంచి నేను ఎలుకలకు వండిన్నా?"

ఆయన నవ్విండు. జింక ఒకటి వచ్చి మన్నుల గీసిన గల్లీల మీద కాలు పెట్టింది. దాన్ని నెమ్మదిగ పక్కకు జరిపి, చెరిగిన గీత మళ్ల గీసిండు. ఆ జతగాడు పని చేసే జాగ ఏదని అడిగిన. ఒక కాడ పుల్ల పెట్టిండు. తను నిలబడ్డ జాగ ఏదని అడిగిన. దాని పక్కనే, బెత్తెడు దూరంల పెట్టిండు. నేను ఆ రెండు జాగలను చూసిన. ఇంక ఏం అడగాల్నో నాకు తెలిసింది గని, నేను అడగకముందే ఆయన ఆ రోజు సంగతి చెప్పుడు మొదలుపెట్టిండు.

పడవ హారన్ కొట్టింది. డ్రైవర్ ఒడ్డు మీది నుంచి పిలిచిండు, "అమ్మా, బాబూ, పడవ ఎల్లిపోతంది, రండి!"

మా ఆయన తల ఎత్తకుండనే చెయ్యి ఊపిండు.

"జర ఆపుమను. చెప్తున్న గద."