తాలుకాయకీ ఒక రేటుంది

పోయిన వారం గుంటూరులో కంటి ఆసుపత్రి హాల్లో, నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. అవతల ఎవరో అమ్మాయి పాఠం ఒప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా, మీ ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లలు ఎవరైనా ఉన్నారా మేడమ్, మా కాలేజీలో ఆప్టోమెట్రీ సీట్లు ఇంకా మిగిలి ఉన్నాయి, ఎంట్రన్సు లేదు, ఇంటర్వ్యూ లేదు, హాస్టలుంది, బస్సుంది అని చెప్పుకుపోతోంది. ఉన్నారమ్మా, నేనే, బైపీసీ ఫస్టు క్లాసు, కాకపోతే అరవై ఏళ్ళు దగ్గర పడ్డాయి అన్నాను. ఆ పిల్ల నవ్వాలో మానాలో తెలియక సారీ మేడమ్ అని పెట్టేసింది. పక్క కుర్చీలో ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సీట్లు మిగిలిపోయాయట! పెళ్ళి భోజనాల్లో ఆఖరి పంక్తికి చారు మిగిలినట్టు, పిలిచి పిలిచి వడ్డిస్తున్నారట. ఆ సీటు కోసం నేను ఏ గుమ్మాల ముందు నిలబడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది చిలకలూరిపేటకి అవతల నల్లరేగడి ఊరు. మా నాన్న కౌలుకి తీసుకుని ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేసేవాడు. ఏడో తరగతిలో బోర్డు మీద లెక్క తప్పు ఎక్కించుకున్నందుకు మాస్టారి చేత వాతలు తేలేలా దెబ్బలు తినడం నాకు రోజూ ఉండేది. పిల్ల మొద్దు అని బడిలోనూ ఇంట్లోనూ ఖాయం చేసేశారు. అప్పుడు మా బడికి కళ్ళ పరీక్షలు చేసేవాళ్ళు వచ్చారు. అందులో ఒకాయన నా ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి చూసి, చివరికి నా తల పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. బయట మిరపకాయలు ఎండబోసిన కల్లం ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు కల్లమంటే నేల మీద పరిచిన ఎర్ర దుప్పటి. ఆ అద్దాల్లోంచి చూస్తే దుప్పటి కాస్తా విడిపోయి కాయ కాయగా కనిపించింది, కాయకి తొడిమ కనిపించింది, మధ్యలో రంగు వెలిసిన తాలుకాయలు కూడా కనిపించాయి. నేను మొద్దుని కాదని నాకు తెలిసింది ఆ కిటికీ దగ్గరే. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా, ఆ చట్రం పెట్టే మనిషినవుతానని చెప్పేదాన్ని. డాక్టరా అని అడిగేవారు. కాదు, చట్రం పెట్టే మనిషిని అనేదాన్ని.

ఆ పనికి ఒక చదువుందనీ, దాన్ని ఆప్టోమెట్రీ అంటారనీ ఇంటర్లో ఉండగా తెలిసింది. ఆ రోజుల్లో ఆ కోర్సు ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. పట్నంలో ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు తమ దగ్గరే చెబుతారని విని దరఖాస్తు పెట్టాను. మొదటిసారి ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగిందంతా ఇంగ్లీషు, నాకు తెలిసిందంతా తెలుగు. వెళ్ళిన బస్సు వేడి చల్లారకముందే తిరిగి వచ్చేశాను. ఊరికి తెలియకుండా వెళ్ళి ఉంటే బాగుండేది గానీ, మా నాన్న సంబరం పట్టలేక ఊరందరికీ చెప్పాడు. ఇక ఆ ఏడంతా నేను పత్తి తీస్తున్నా, చెంబు పట్టుకుని బోరింగు దగ్గర నిలబడినా, ఏమ్మా సీటొచ్చిందా అన్న పలకరింపే. రాలేదని తెలిసే అడిగేవారు, అదీ నా కోపం. పొన్నూరు నుంచి వచ్చిన మా మేనత్తయితే మొహమాటం కూడా పెట్టుకోలేదు.

"కళ్ళజోడు పెట్టుకున్నదానికే సంబంధం కుదరడం గగనం, ఇంక కళ్ళజోళ్ళు పెట్టేదాన్ని ఎవడు చేసుకుంటాడే!" అంది, అందరూ వినేలా.

ఆ ఏడు ఇంగ్లీషు మీద పగబట్టినట్టు చదివాను. ఎండాకాలం అంతా అమ్మతో కలిసి మిర్చి షెడ్డుకి వెళ్ళేదాన్ని. పొద్దున్నించి సాయంత్రం దాకా కాయలకి తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరి వేరే కుప్ప పోయడం మా పని. కొత్తలో చేతులు భగభగా మండేవి, మజ్జిగలో ముంచుకుని కూర్చునేవాళ్ళం. నెల తిరిగేసరికి మంటే తెలిసేది కాదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అమ్మని వెలుతురులో కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి చూడటం, పై రెప్ప ఎత్తి చూడటం సాధన చేసేదాన్ని. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్న విద్య అది. అమ్మ కదలకుండా కూర్చునేది. ఏళ్ళ తరబడి ఆ ఘాటులో బతికిన కళ్ళు అమ్మవి. నా వేలు తగిలితే ఆమెకేమీ అనిపించేది కాదు. ఎవరికైనా ఏదైనా అనిపిస్తుందన్న ఊహ కూడా మాకిద్దరికీ రాలేదు.

రెండోసారి ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు పొద్దున్న తలంటుకుని, చేతులు సబ్బుతో తోముకునే వెళ్ళాను. ఈసారి ఇంగ్లీషులో అడిగినవాటికి ఇంగ్లీషులోనే చెప్పాను. పెద్ద డాక్టరుగారు తల ఊపుతుంటే నాకు సగం సీటు వచ్చేసినట్టే అనిపించింది. అప్పుడాయన, పేషెంటుతో ఎలా మసలుకుంటావో చూద్దాం అంటూ టీ కప్పులు తీయడానికి వచ్చిన ఆసుపత్రి బంట్రోతుని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కింది రెప్ప లాగి చూపించమన్నారు. నాకు అంతకంటే తెలిసిన పని ప్రపంచంలో లేదు. పైకి చూడండి బాబాయిగారూ అని, వేలితో రెప్పని సుతారంగా కిందికి లాగాను.

"ఓరి నాయనో, మంట! మంట!" అని ఆయన కుర్చీలోంచి లేచి రెండు చేతులా కన్ను మూసుకున్నాడు.

ఒకరు నీళ్ళ కోసం పరిగెత్తారు, ఒకరు నా చేతులు పట్టుకుని వాసన చూసి తుమ్మారు. ఏ ఊరమ్మా మీది అని పెద్ద డాక్టరుగారు అడిగితే చిలకలూరిపేట దగ్గరండి అన్నాను. అంతే, గది గదంతా నవ్వింది. కన్ను కడుక్కుంటున్న బంట్రోతు కూడా చివర్లో నవ్వేశాడు. ఈ అమ్మాయికి సీటిస్తే ఊరంతా మన ఆసుపత్రికే వస్తుంది సార్ అని ఎవరో అన్నారు. గోళ్ళ సందుల్లో, చర్మంలో ఇంకిపోయిన కారం సబ్బుకి పోదని నాకు మాత్రం ఏం తెలుసు? చాలా ఏళ్ళు నేను ఆ నవ్వుని తలుచుకుని ఏడ్చాను గానీ, నిజానికి నన్ను కోసింది నవ్వు కాదు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, చేతులు కడుక్కుని రా అమ్మా, మళ్ళీ చూద్దాం అనలేదు. ఆ ఒక్క మాటకి నా బతుకు ఇంకోలా ఉండేది. ఈ విషయంలో నేను ఎవరినీ క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు.

మూడో ఏడు మళ్ళీ వెళ్ళాను. సిగ్గులేదా అని మీరు అనుకోవచ్చు, మా నాన్న కూడా అదే అన్నాడు. ఆ ఏడు ఎండాకాలం షెడ్డు గడప తొక్కలేదు. లోపలికి అడుగు పెట్టగానే, అరె, మన మిరపకాయల అమ్మాయి అని గుర్తుపట్టారు. ఇంక వాళ్ళకి నా మార్కులతో పనిలేదు. కాసేపు సరదాగా మాట్లాడి, సీటు మాట ఎలా ఉన్నా ఓపిక ఉన్నదానివి, మా క్యాంపుల్లో సహాయకురాలిగా చేరతావా అన్నారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే అమ్మ పక్కన కూర్చుంది.

"మిర్చి యార్డులో తాలుకాయకీ ఒక రేటుందే అమ్మాయ్. పారబోయరుగా. చేరు," అంది.

ఓదార్పు అనుకునే చెప్పింది. అంత నిజమైన మాట, అంత చేదుమాట నాతో మళ్ళీ ఎవరూ అనలేదు. చేరాను.

దర్శి, కనిగిరి వైపు ఊళ్ళలో బడుల్లో, సత్రాల్లో క్యాంపులు పెట్టేవాళ్ళం. గోడకి అక్షరాల బోర్డు తగిలించి, దాని పక్కన నిలబడి, పుల్లతో ఒక్కొక్క అక్షరం చూపించడం నా పని. అవతల కుర్చీ దగ్గర, నాకంటే చిన్నవాళ్ళు, ఆ చదువు చదివినవాళ్ళు, ముసలివాళ్ళ ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి అద్దాలు మార్చేవారు. నేను పుల్ల పట్టుకున్నప్పుడల్లా అటే చూసేదాన్ని. మధ్యలో ధైర్యం చేసి మళ్ళీ దరఖాస్తు పెడితే, నువ్వు మా మనిషివేగా, నీకిప్పుడు చదువెందుకు అన్నారు. ఆ తర్వాత అడిగితే వయసు దాటిపోయిందన్నారు. దాటించింది వాళ్ళే. అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు చూశారూ, ఆ మాట పుట్టించినవాళ్ళకి బహుశా మొదటిసారే సీటు వచ్చి ఉంటుంది. నేను మరిచిపోవడం అనే పని పెట్టుకోలేదు. పొద్దున్నే లేచి, చీర కట్టుకుని, పుల్ల పట్టుకుని నిలబడ్డాను. రిటైరయ్యేదాకా అదే నేను చేసింది. దాన్ని తట్టుకోవడం అంటారో లేదో నాకు తెలియదు.

ఇవన్నీ నెమరేసుకుంటూ ఉండగానే నా పేరు పిలిచారు. లోపల చీకటి గదిలో తెల్లకోటు వేసుకున్న పిల్ల, మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళు క్యాంపుల్లో పనిచేసినా అలాంటి కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. మా ఉద్యోగులకి కళ్ళు బయట వరండాలోనే చూసి పంపేసేవారు. గోడకి ఒక సీసా వేలాడుతోంది. నన్ను ముట్టుకోబోయే ముందు ఆ పిల్ల దానిలోంచి మందు చేతిలో పోసుకుని రెండు చేతులూ రుద్దుకుంది. ఇప్పుడు ప్రతి పేషెంటుకీ అలా చేయాల్సిందేనట, ఎవరూ చెప్పనక్కర్లేదట. నేను ఆ సీసా వైపే చూస్తూ ఉండిపోయాను. తర్వాత చల్లటి వేలితో నా కింది రెప్ప లాగి చూసింది, సుతారంగానే.

టార్చి వేసి చూసి, ఎడమకంట్లో శుక్లం బాగా ముదిరింది అంటూ కుడికన్ను మూసి, ఎదురుగా చూసి అక్షరాలు చదవమంది. ఎదురుగా తెల్లటి వెలుగు తప్ప నాకేమీ ఆనలేదు. కానీ నోరు దానంతట అదే మొదలుపెట్టింది. పై వరుస, రెండో వరుస, మూడో వరుస, చీమతలకాయంత ఉండే అడుగు వరుస దాకా, ఏళ్ళ తరబడి పుల్లతో చూపించిన అక్షరాలన్నీ ఎక్కడా తడబడకుండా అప్పజెప్పేశాను. చెప్పేశాక నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ పిల్ల వంగి నా మొహంలోకి చూసింది. ఇప్పుడు బోర్డులు లేవమ్మా, ఇది స్క్రీను, అక్షరాలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి అంది. చేతిలో ఏదో నొక్కింది. తెల్లటి వెలుగు ఒకసారి కదిలినట్టయింది, మళ్ళీ తెల్లగానే ఉంది.

"గుర్తున్నవి కాదమ్మా, కనిపిస్తున్నవి చెప్పండి," అంది మెల్లగా.

ఏమీ కనిపించడం లేదమ్మా అన్నాను.