బోడగుట్ట వెనక పోడు

ఇన్నేళ్లుగా ఒక మనిషి మీద పడ్డ నిందను చూస్తూ ఊరుకున్నాను. ఆ నింద నాది. దాన్ని లోపల పెట్టుకుని ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, ఫొటోల్లో నవ్వాను. దీన్ని పశ్చాత్తాపం అనకండి. పశ్చాత్తాపమైతే ఏదో ఒకనాడు ఏడ్చి కడుక్కునేదాన్ని. నాలో ఉన్నది కోపం. ఎక్కువ భాగం నా మీదే. ఆ కోపంతోనే రాస్తున్నాను కాబట్టి మాటలు గరుకుగా ఉంటాయి. ఓర్చుకోండి.

మాది కొడకండ్ల దగ్గర ఒక పల్లె. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నారు గానీ అప్పుడు అంతా వరంగల్లే. నేను వ్యవసాయ డిగ్రీ చదివే రోజుల్లో మా యూనివర్సిటీలో ఒక స్కాలర్ల కార్యక్రమం ఉండేది. వ్యవసాయం, పర్యావరణం మీద ప్రభుత్వం విధానాలు ఎలా చేస్తుందో తెలుసుకోవాలనే డిగ్రీ పిల్లల్ని ఏరి, ఇద్దరిద్దరిని జతచేసి పల్లెలకు పంపేవాళ్లు. అక్కడ ఉండి అధ్యయనం చేయాలి, తిరిగొచ్చి పెద్దల ముందు వివరించాలి. బాగా చేసినవాళ్లను ఢిల్లీ పంపేవాళ్లు. స్కాలర్ అని పిలిపించుకోవడం ఎంత బాగుండేదో! ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

నాకు జత లలిత. మహబూబాబాద్ వైపు లంబాడా తండా పిల్ల. అడవి భూమిలో పోడు చేసుకునేవాళ్లకు చట్టం ఇచ్చిన హక్కు ఎంతవరకు అందిందో చూడాలని వాళ్ల తండానే ఎంచుకున్నాం. వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. లలిత అమ్మను నేనూ యాడీ అనే పిలిచాను. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా చదువు తెలియదు. అయినా పొద్దున లేవగానే నా కోసం జొన్నరొట్టె పక్కన పెట్టి ఉంచేది.

తండా వెనక బోడగుట్ట ఉంది. దాని అవతల కొత్త పోడు ఉండేది. ఉన్న మెట్ట చెలక సరిపోక లలిత అన్న, ఇంకొన్ని కుటుంబాలవాళ్లు అక్కడ పొదలు కొట్టి కంది వేసుకున్నారు. కొత్తగా కొట్టింది కాబట్టి దానికి చట్టం అండ లేదు. అందుకే బయటివాళ్లను గుట్ట దాటించకూడదని తండా కట్టుబాటు. మేకలు కొనడానికి మహబూబాబాద్ నుంచి వచ్చే యాకూబ్‌ను ఒక్కణ్ణే రానిచ్చేవాళ్లు. నన్ను మాత్రం యాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. కొడుకు చేను చూపించి మురిసిపోయింది.

ఆ పోడును మ్యాపులో పెట్టొద్దని లలిత, నేను అనుకున్నాం. పెట్టలేదు. కానీ మాలాంటి స్కాలర్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేశాం. భూమిని మ్యాపులోంచి తీసేశాం గానీ, ఇంటింటికీ తిరిగి రాసుకున్న పోయినేటి దిగుబడిలోంచి ఆ భూమి పంటను తీసేయడం మరిచిపోయాం.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగాయి. రాష్ట్రం వచ్చేదాకా ఏ పెద్దల ముందుకూ పోవద్దని స్కాలర్లమంతా ఒట్టు పెట్టుకున్నాం. లలిత ఒట్టు మీద నిలబడింది. మహబూబాబాద్ వెళ్లి రైలు పట్టాల మీద కూర్చుంది. నేను వెనక గేటు నుంచి పెద్దలు కూర్చున్న హాల్లోకి వెళ్లాను. నాకు ఢిల్లీ కావాలి. అంతే. ఇంత చిన్న మాట రాయడానికి ఎన్నిసార్లు కాగితం చింపానో.

హాల్లో మధ్యన కూర్చున్న ప్రొఫెసర్ కోస్తా ఆయన. నా పట్టికలు చూసి, ఈ కాస్త చెలకలో ఇంత కంది ఎలా పండిందమ్మా, ఇంట్లో కూర్చుని రాశారా అన్నాడు. పక్కాయన నవ్వి, ఊరేగింపుల్లో తిరిగే పిల్లలకు కొలతలెక్కడ వస్తాయండీ అన్నాడు. నా రక్తం మరిగింది. లేచి మ్యాపు దగ్గరకు నడిచాను. లెక్క తప్పు కాదండీ, గుట్ట అవతల ఇంకా పోడు ఉంది, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాను. నా యాసను దాచుకుని, వాళ్లలాగే అండీ అండీ అంటూ చెప్పాను. తెలంగాణ పిల్లకు కొలతలు వచ్చని నిరూపించడానికి తెలంగాణ తండా భూమిని అప్పజెప్పాను!

వాళ్లు రెచ్చగొట్టారు కాబట్టి నోరు జారానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మీరు కూడా, చిన్నపిల్లవి కదా, తెలియక అన్నావులే అనబోతున్నారేమో. అనకండి. ఎందుకంటే బల్ల చివర అటవీ శాఖ అధికారి ఒకాయన కూర్చున్నాడు. ఏదీ, ఇంకోసారి చూపించమ్మా అన్నాడు. ఆయన ఎవరో నాకు తెలుసు. ఎందుకు అడుగుతున్నాడో తెలుసు. మొదటిసారి రోషంతో అన్నానేమో గానీ, రెండోసారి తెలిసే చూపించాను. శభాష్ అన్నారు. ఆ శభాష్ నాకు తియ్యగా ఉంది. అదీ నిజమే.

సమ్మె ముగిశాక లలిత హాస్టల్‌కు తిరిగొచ్చింది. నేను హాల్లోకి వెళ్లినందుకు తిట్టేసి ఊరుకుంది. అక్కడ ఏం చెప్పానో ఆమెకు తెలియదు. కొన్నాళ్లకు మళ్లీ తండాకు పోయి వచ్చి నా మంచం మీద కూలబడింది.

"మా అన్న పోడు పోయిందే. కాయ మీదున్న కంది. జేసీబీ పెట్టి గుట్ట ఎనక మొత్తం కందకం తొవ్విండ్రు ఫారెస్టోళ్లు."

"ఎవరు చెప్పిండ్రట?" అన్నాను. అవును, నేనే అడిగాను.

"ఇంకెవరు, యాకూబే. బయటోళ్లల్ల గాయనొక్కడే గుట్ట దాటి తిరుగుతడు. ఇగ తండాల అడుగు పెట్టొద్దని పంచాయితీల చెప్పిండ్రు. నేను చెప్పలే, నేను చెప్పలే అని ఒట్లు పెట్టుకున్నడంట. ఎవలు ఇంటరు?"

"గట్లనా?"

"ఒకరిద్దరు నీ పేరు గూడ తీసిండ్రు. మా యాడి ఊకోలే. గా పిల్ల నా బిడ్డ అసొంటిది, గట్ల ఎందుకు జేస్తది అని కొట్లాడింది."

నేను ఏం అన్నానో తెలుసా? "యాడి పానం మంచిగున్నదా?" అని అడిగాను. లలిత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను వీపు నిమిరాను. ఆ చేతిని ఏం చేయాలి?

అప్పుడే చెప్పి ఉంటే పోయిన పోడు తిరిగి వచ్చేది కాదు. కానీ యాకూబ్ మిగిలేవాడు. యాకూబే చెప్పాడన్న మాట చుట్టుపక్కల తండాలన్నిటికీ పాకింది. అతనికి మేకలు అమ్మేవాళ్లు లేకుండా పోయారు. ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక ఒకసారి మహబూబాబాద్ స్టేషన్ దగ్గర కనిపించాడు. బండి మీద అరటిపళ్లు అమ్ముతున్నాడు. నన్ను గుర్తుపట్టి పలకరించాడు. నేను అడగకుండానే, తాను చెప్పలేదని నాతో కూడా ఒట్టు పెట్టుకున్నాడు. నమ్ముతున్నానని చెప్పాను. ప్రపంచంలో ఆ మాట అతనికి చెప్పగలిగింది నేనొక్కదాన్నే, అదీ ఎంత దొంగతనంగా! లలిత అన్న కూలికి భివండి పోయాడు. లలిత ఆ తర్వాత ఆ చదువు వదిలేసి టీచరైంది. యాకూబ్ చనిపోయాడని ఆమే ఫోన్లో చెప్పింది, పెద్దగా బాధేమీ లేకుండా.

నేను ఇప్పుడు భూపాలపల్లిలో, గనుల కింద భూములు పోయిన పల్లెల మీద నివేదికలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. మొన్న అదే కార్యక్రమం నుంచి కొత్త స్కాలర్లు వచ్చారు. ఒకమ్మాయి లేచి, పల్లెవాళ్ల నమ్మకం ఎట్ల సంపాదించుకోవాలి మేడం అని అడిగింది. గుక్క తిప్పుకోకుండా సమాధానం చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎవరి మీద ఈ కోపం? నవ్విన ఆ పెద్దల మీదా? వాళ్లెవరికీ నా పేరు కూడా గుర్తుండదు. నమ్మిన యాడి మీదా? సిగ్గు లేదా నాకు?

క్షమించమని అడగడానికి రాయడం లేదు. క్షమించాల్సినవాడు చచ్చిపోయాడు. మిగిలినవాళ్ల క్షమ నాకొద్దు, వాళ్లు ఇవ్వనూ వద్దు. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, దానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది. మీలో ఎవరైనా ఆ వైపు వాళ్లైతే, ఇది చదివి యాడికి ఆమె భాషలో చెప్పండి. గుట్ట దాకా పోయినప్పుడల్లా ఆమె ఇంకా యాకూబ్‌ను తిడుతుందట. ఆ తిట్లు నావి. నాకు ఇప్పించండి.