రేకుల కింద కుంపటి

మా ముత్తాత గజపతినగరం దగ్గర మూడు ఊళ్లకు మొఖాసాదారు. ఆ ఊళ్ల శిస్తు మా దివాణం అరుగు మీదే చెల్లించేవారు. మా తాతగారి ఎదుట గొడుగు వేసుకుని నడిచినవాడు లేడు. ఆయన మనవరాలిని నేను. ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేశాను. తల వంచడం మాత్రం నేర్చుకోలేదు.

2015 మే నెల. చీపురుపల్లి దగ్గరి పల్లెలో అప్పయ్యమ్మ ఇల్లు. ముందటి ఏడు తుఫానుకు తాటాకు కప్పు ఎగిరిపోతే సిమెంటు రేకులు వేయించుకుంది. అలాంటి ఎండలు మేం ఎరగం. రాత్రయినా గోడలు చల్లారేవి కావు. ఆ రేకుల గదిలోనే బాలింత అయిన ఆమె కూతురు రమణ, రమణ కన్న నాలుగు రోజుల ఆడపిల్ల. కిటికీలో గోనెపట్టాలు కుక్కారు. మంచం కింద కుంపటి.

బిడ్డ ఒళ్లు కాలుతోంది, పెదవులు ఎండిపోయాయి. పొద్దుటి నుంచి ఉచ్చ పోయలేదని రమణ చెప్పింది. డీహైడ్రేషన్ ఫీవర్ అనిపించింది, ఒంట్లో నీరు తగ్గి వచ్చే జ్వరం. ఏ జ్వరమైనా ఇంత పసిబిడ్డను ఆసుపత్రికి పంపాల్సిందే. అంబులెన్సుకు ఫోన్ చేసి, కుంపటి ఎత్తాను.

అప్పయ్యమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దాన్నక్కడెట్టు నర్సమ్మా. బాలింతకి గాలి తగిల్తే వాతం సేస్తాది. మీ దివాణంలో కుంపట్లు ఎట్టలేదేటి?"

"పెట్టారు. అక్కడ మందపాటి మట్టిగోడలు, ఎత్తు కప్పు. నీ నెత్తిన రేకు. పైనొక పొయ్యి, కిందొక పొయ్యి."

"మాయమ్మ నాకెట్టినాది, నాను దీనికెడతన్నాను. నువ్వెవలివి కాదనడానికి? ఆ దివాణం ఏదమ్మా, ఇప్పుడు సూపించు?"

"దివాణం లేదు. నేనున్నాను. తప్పుకో."

మంచం మీంచి రమణ గొంతు వచ్చింది. "తప్పుకోయే అమ్మా. పిల్ల మాడిపోతన్నాది."

తప్పుకుంది. నా మాటకు కాదు, కూతురి మాటకు తప్పుకుంది. కుంపటి పెరట్లో పెట్టి, తల్లీబిడ్డల్ని ముందరి తాటాకు పందిట్లోకి తెచ్చాను. గుడ్డలు వదులు చేసి, మాటిమాటికీ పాలు పట్టించాను. అంబులెన్సు వచ్చేలోగా బిడ్డ నా చీర తడిపింది. అంత సంతోషం నాకు ఏ పట్టుచీరా ఇవ్వలేదు.

ఆసుపత్రిలో పరీక్షించి, వేరే జబ్బేమీ లేదన్నారు. బిడ్డ క్షేమంగా తిరిగొచ్చింది. అప్పయ్యమ్మ మళ్లీ కుంపటి వెలిగించింది, కాకపోతే పెరట్లో. "ఆసారం మాన్నేదు, సూడు," అంది. నేను కాదనలేదు.

ఆమె అమ్మ కాలానికి ఆ ఆచారం సరిపోయి ఉండవచ్చు. కప్పు మారింది, ఎండ మారింది. అప్పటి నుంచి ఏ బాలింత గదిలోకి వెళ్లినా, నాడి కన్నా ముందు కప్పు చూశాను. అడ్డం నిలబడినవాళ్లతో పోట్లాడాను.

మా దివాణాన్ని అప్పటికే పెంకులు, దూలాలతో సహా కలప వ్యాపారికి అమ్మేశాం. కుంపటి పెట్టి మూసి ఉంచిన మా బాలింత గది కిటికీ తలుపులు కూడా అందులోనే పోయాయి.