ఒక సైజు పెద్దదైన రెయిన్‌కోటు

చిక్కబళ్ళాపురంలో మా అమ్మాయి ఇంట్లో ఈ వారమంతా సర్దుడే సర్దుడు. చైత్రమాసంలో జపాను చూసి రావాలని అమ్మాయీ అల్లుడూ అనుకొని, నేను వద్దు వద్దంటున్నా వినకుండా నాకూ టికెట్టు తీశారు. బయట ఎండకు తారురోడ్డు మెత్తబడేట్టుంది, ఆ పిల్లేమో పెట్టెలోకి రెయిన్‌కోట్లు, మడత గొడుగులు, నీళ్ళు దిగని బూట్లు కుక్కుతూ, అక్కడ వసంతమంటే వానలేనమ్మా అని నాకు పాఠం చెబుతోంది. నాకు తెలియదా తల్లీ అనుకున్నాను. ఆ దేశపు వసంతంలో పడే వానకు ఏమేమి పట్టుకుపోవాలో, ఈ జిల్లాలో మా ఇంట్లో సర్దినంత శ్రద్ధగా ఇంకెవరూ సర్ది ఉండరు. కాకపోతే ఆ పెట్టె పోయింది గానీ నేను పోలేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పే పని లేదు, మన కాలంలో వానొస్తే గోనెసంచే గతి. ఒక మూలను ఇంకో మూలలోకి దోపి, కొప్పెలాగా నెత్తిన వేసుకొని, మల్బరీ తోటలో ఆకు కోసుకొచ్చేవాళ్ళం. మాది చింతామణి తాలూకాలో, మురుగమల్ల దారిలో ఒక పల్లె. అక్కనూ నన్నూ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు, అందుకని ఆమె నాకు అక్కా, తోడికోడలూ కూడా. అమ్మ చిన్నప్పుడే పోతే నా తల దువ్వింది, నాకు వంట నేర్పింది, పురిట్లో నా పక్కన కూర్చున్నది ఆమే. ఆమె కంచంలో ఏది వేస్తే అది, ఏమిటని చూడకుండా తినేదాన్ని.

పట్టుపురుగులు మేపడం మా ఇంటి పని. అందులో మా అత్తగారిది ఒక నియమం. గుడ్డు పగిలి, వెంట్రుక ముక్కంత పురుగు బయటికొచ్చిన రోజున, సన్నగా తరిగిన తొలి ఆకు ఎవరి చేత్తో వేస్తారో, చివర్లో పండిన పురుగును చంద్రిక మీదికి, అంటే అది గూడు కట్టుకునే వెదురు తట్ట మీదికి, ఎక్కించేది కూడా ఆ చెయ్యే కావాలి. నడుమ ఆ మనిషి ఊరు దాటకూడదు. చెయ్యి మారితే గూడు పలచబడుతుందని ఆమె నమ్మకం. మా ఇంట్లో ఆ చెయ్యి నాది. అక్కది ఉడుకు చెయ్యి, పురుగుకు పడదు అని అత్తగారు ఏనాడో తేల్చేశారు.

అట్లాంటి రోజుల్లో రేష్మె ఇలాఖా వాళ్ళు, అంటే సర్కారు పట్టు శాఖ వాళ్ళు, జపానులో పురుగులెట్లా మేపుతారో చూసి రమ్మని కొందరు ఆడవాళ్ళను పంపుతామన్నారు. మా గూళ్ళు గట్టిగా ఉంటాయని మా ఇంటినుంచి ఒకరిని అడిగారు. నా పేరు ముందు, నాకేదైనా అడ్డం వస్తే బదులుకు అక్క పేరు. ఇద్దరికీ పాస్‌పోర్టులు చేయించారు. ప్రయాణం ఉగాది దాటాక. బాగేపల్లికి అవతల ఏముందో చూడని నేను విమానమెక్కడమేమిటని ఆకు తరుగుతూ తరుగుతూ నాలో నేనే నవ్వుకునేదాన్ని.

అక్కడ వానలని ఆఫీసరు చెప్పారు కాబట్టి అక్కే నన్ను చింతామణికి తీసుకుపోయింది. అంగడాయన నాకు సరిపోయే కోటు ఇస్తే, దాన్ని పక్కన పెట్టించి ఒక సైజు పెద్దది తియ్యమంది.

“లోపల స్వెట్టరు యేసుకోవాల కదా పాపా, బిగుతుగా ఉంటే ఆ చలిలో యాడ తిరుగుతావు?”

నా ఒంటిమీద ఆ కోటు గుడారంలా వేలాడుతుంటే, అంగడి అద్దంలో చూసుకొని ఇద్దరం పడీపడీ నవ్వాం. కోటు, గొడుగు, రబ్బరు చెప్పులు, అన్నింటినీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, నడుమ చింతకాయ తొక్కు సీసా దాచి, పెట్టె సర్దింది ఆమే.

గుడ్లు తెచ్చేది ఎప్పుడూ అక్కే. శివరాత్రి కాగానే తెస్తే ఉగాది లోపల గూళ్ళు మార్కెట్టుకు పోతాయి, నా చెయ్యి ఖాళీ అవుతుంది. ఆమె పోయి, దొరకలేదని ఒట్టి చేతులతో వచ్చింది. ఇంకొన్నాళ్ళు పోయాక తెచ్చింది. నాకు లెక్క రాక కాదు. ఎండలకు పురుగు త్వరగా పండుతుందిలే అని ఆమె అన్న తర్వాత, నేను మళ్ళీ వేళ్ళు మడిచి చూసేదేమిటని ఊరుకున్నాను. పోనీ ఈసారి తొలి ఆకు నువ్వు వెయ్యమని అడిగాను కూడా.

“నాది ఉడుకు చెయ్యి అంటాది కదా అత్త. పంట పోతే నీ పయనం మింద పెడ్తారు. నువ్వే యెయ్యి పాపా” అంది. వేశాను.

ఉగాది వచ్చేసరికి పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. జ్వరమంటే రోగం కాదు, చర్మం విడిచే ముందు మేత మాని పడుకోవడం. ప్రయాణం నాటికి లేచి, ఎంత వేసినా చాలనట్టు మేస్తున్నాయి. నేను తిరిగి వచ్చేలోపల పండిపోతాయి. అత్తగారు గడప దగ్గర కూర్చొని కదలనివ్వలేదు. మా ఆయన ఆకు తేవాలని తోటకు పోయి, పొద్దు గూకేదాకా ఇంటి ముఖం చూడలేదు. అక్క ఒకటే ఏడుపు, నీ బదులు నేను పోవాల్సి వచ్చెనే పాపా అని. ఆమెను ఊరడించింది నేను. పెట్టె బస్సుదాకా మోసింది నేను. పోయే ముందు కోటు ఒకసారి వేసి చూసుకోమంటే, ఆమెకు కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. అప్పుడు కూడా నాకు, పోనీలే, కొన్నది దండగ కాలేదు అనే అనిపించింది. అంత మొద్దును.

పురుగులు ఎక్కించే రోజున సాయానికి పక్కవీధి ఆమె వచ్చింది. ఇంట్లో అక్క లేకపోవడం చూసి, మాటల్లో మాటగా అంది.

“శివరాత్రి మర్నాడు మీ అక్కా నేనూ కలిసే పోయింటిమి కదమ్మా గుడ్లకు. కావాల్సినన్ని ఉండె. నేను తెచ్చుకుంటి, ఆమె ఇప్పుడే వద్దులే, ఇంకొన్నాళ్ళు పోనీ అనె.”

చేతినిండా పండిన పురుగులు. కింద పెట్టడానికి లేదు, వాటిమీద తడి పడకూడదు కాబట్టి ఏడవడానికీ లేదు. అన్నింటినీ చంద్రికలకు ఎక్కించి, చేతులు కడుక్కొని, తోటలోకి పోయి ఏడ్చాను. జపాను పోయిందని కాదు. చూడని దేశం కోసం ఎంతని ఏడుస్తాం? అంగడి అద్దం ముందు నాతో కలిసి నవ్వేటప్పుడు కూడా ఆమె తన కొలతే చూసుకుంటోందని, నాకు అమ్మ అయిన మనిషి నా చేత్తోనే నన్ను కట్టేసిందని. ఆ మంట ఇప్పటికీ ఉంది, లేదని చెబితే అబద్ధం.

అక్క తిరిగొచ్చింది. అక్కడి పూల గురించి, తెంపులేని సన్నవాన గురించి ఊరంతా చుట్టూ చేరి విన్నారు. నేను వాకిట్లో గిన్నెలు తోముతూ విన్నాను. గుడ్ల సంగతి అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందేమోనని భయం. ఒప్పుకున్నాక మళ్ళీ ఒకే పొయ్యి దగ్గర ఎట్లా కూర్చునేది?

ఇప్పుడు అదంతా మారిపోయింది. రెండో జ్వరం దాటిన పురుగులు, పసి పురుగులను పెంచి అమ్మే చాకీ కేంద్రాల నుంచి ఆటోలో ఇంటి ముందుకొస్తున్నాయి, తొలి ఆకు వేసిన చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. మా ఊరి కోడళ్ళు పురుగులు ఇంట్లో ఉండగానే పెళ్ళిళ్ళకూ యాత్రలకూ పోయి వస్తున్నారు, గూళ్ళు గట్టిగానే ఉన్నాయి. అక్క కూడా కన్నుమూసి చాలా కాలమైంది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఒకే గదిలో ఇద్దరం పురుగులు మేపాం, కానీ ఆమె చెప్పిన ఏ పనీ మళ్ళీ అడక్కుండా చెయ్యలేదు నేను. గుడ్లు ఎప్పుడు తెచ్చావు, యాడ తెచ్చావు, కూడా ఎవరుండిరి అని పోలీసు మాదిరి అడిగేదాన్ని. మునుపటి అక్క అయితే ఆ మాటకు నా చెంప పగలగొట్టేది. ఈ అక్క మాత్రం, నేను ఎన్నిసార్లు అడిగినా, చేస్తున్న పని ఆపి, మొదటినుంచి చివరిదాకా నిదానంగా జవాబు చెప్పేది. ఒక్కసారి కూడా కోప్పడలేదు.