ఆదిమూలం జుట్టు, శకుంతలమ్మ నిమ్మకాయ

చిత్తూరు జిల్లాలో చుక్క నీళ్లు లేకపోయినందుకు ఆదిమూలానికి సముద్రం బహుమానంగా వచ్చింది. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. 2002లో వానలు మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. రైతులు పాత బోరు పక్కనే ఇంకా లోతుగా కొత్త బోరు వేయించి, దాంట్లోకి ఇంకా పెద్ద మోటారు దించారు. ఆ మోటార్లు అమ్మేది ఆదిమూలం. ఊరంతా ఆకాశం వైపు చూసి ఏడుస్తుంటే మర్యాద కోసం ఆయన కూడా ఏడుపు మొహం పెట్టేవాడుగానీ, అంగట్లో బిల్లు పుస్తకం మాత్రం తెగ నవ్వింది. బాగా అమ్మినందుకు మోటారు కంపెనీ వాళ్లు ఆయనకు లక్షద్వీపాలకు ఓడ ప్రయాణం రాసిచ్చారు. అయిదు రోజులు, మూడు దీవులు, తిండీ పడకా అన్నీ ఓడలోనే. దంపతులకు మాత్రమే.

ఆ ఆఖరి మాట దగ్గరే చిక్కొచ్చింది. ఆదిమూలం తన స్నేహితుడు మునిరత్నాన్ని తీసుకుపోదామనుకున్నాడు. కంపెనీ వాళ్లు మునిరత్నాన్ని భార్యగా ఒప్పుకోలేదు.

మరి సొంత భార్యను తీసుకుపోవడానికి ఏం రోగమంటారా? ఆవిడ పేరు శకుంతలమ్మ. ఆవిడ సంగతి కట్టమంచిలో వాళ్ల వీధి మొత్తానికి తెలుసు. బస్సెక్కితే వాంతి. తిరుమల ఘాటు రోడ్డు సంగతి సరే, అక్కడ మహామహులే తేలిపోతారు. ఈవిడకి మలుపుల్లేని వేలూరు రోడ్డులోనూ అదే గతి. బస్సు కదలగానే నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. కాసేపటికి తల వాల్చేది. అప్పుడు ఆదిమూలం ఈవిడెవరో తనకు తెలియనట్టు లేచి, నాలుగు సీట్లు ముందుకు పోయి కూర్చునేవాడు. ఇట్లా పాతికేళ్లు. రానురాను పెళ్లిళ్లకూ తిరనాళ్లకూ ఒక్కడే పోవడం అలవాటు చేసుకున్నాడు. "నువ్వొస్తే బస్సు కడగాల" అనేవాడు. నిమ్మకాయ శకుంతల అని వీధిలో ప్రచారం చేసిందీ ఆయనే. కట్టుకున్నవాడే అట్లా అంటే వీధి ఊరుకుంటుందా!

ఆయనగారి సొగసు కూడా చెప్పుకోవాలి. నడినెత్తి ముప్పై అయిదో ఏటికే నున్నబడింది. ఎడమ చెవి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలనూ జానెడు పెంచి, కొబ్బరినూనె పట్టించి, నెత్తి మీదుగా కుడి చెవి దాకా దువ్వి అతికించేవాడు. దానికి రోజూ అరగంట పట్టేది. గాలంటే ఆయనకు గిట్టదు. ఇంట్లో ఫ్యాను ఒకటో నంబరు దాటదు. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనది, ఎక్కగానే అద్దం మూసే హక్కూ ఆయనదే.

ప్రయాణానికి వారం ముందు ఇంటి ముందర నలుగురూ చేరారు. ఆదిమూలం ఊపులో ఉన్నాడు.

"ఈమెను ఓడ ఎక్కిస్తే సముద్రం ఒక మూర పొంగుతాదప్పా!" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. మునిరత్నం కళ్లు తుడుచుకున్నాడు. లోపల్నించి కాఫీ పట్టుకొస్తున్న శకుంతలమ్మ గడప దగ్గర ఆగింది. మామూలుగా అయితే కాఫీ ఇచ్చి వెళ్లిపోయేదే. ఆవేళ ఎందుకో ఒళ్లు మండింది.

"నేను వాంతి సేసుకోకుండా పోయొస్తే ఏమి సేస్తావు?" అంది.

మగవాళ్ల మధ్య ఆవిడ అట్లా నోరు తెరవడం అదే మొదలు. నలుగురి ముందూ తగ్గితే పరువేం కాను? ఆదిమూలం తొడ చరిచాడు.

"ఈ గడప దాటినప్పట్నించి మళ్లా ఈ గడప తొక్కేదాకా ఒక్కసారన్నా వాంతి సేసుకోకుండా ఉండు, కొండకు పోయి గుండు కొట్టించుకుంటా. ఏడుకొండలోడి మీద ఆన!"

వీధి వీధంతా ఆయన నెత్తి వైపు చూసింది. ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు సేసుకుంటే?" అన్నాడు.

"సేసుకుంటే ఇంక జన్మలో యాడికీ తీసకపొమ్మని నిన్ను అడగను."

అనేసి లోపలికి వెళ్లింది గానీ ఆవిడ గుండె దడదడ కొట్టుకుంది. ఊళ్లు చూడాలని ఆవిడకెంత ఆశో ఆ ఇంట్లో గోడలకే తెలుసు. ఆ ఆశను తీసుకెళ్లి తన పొట్ట మీద పందెం కాసింది. ఆ పొట్ట ఎట్లాంటిదో ఆవిడకు బాగా తెలుసు.

పక్కింటి మునెమ్మ ఒక సంచి నిండా నిమ్మకాయలు తెచ్చిచ్చింది. "మా తమ్ముడు గూడూరు నుంచి పంపినాడక్కా. రోజుకి పది వాసన సూడు" అంది. ఆదిమూలం తన వంతుగా అంగట్లోంచి కట్టెడు ప్లాస్టిక్ కవర్లు తెచ్చి పెట్టెలో సర్దాడు. వాటి మీద అంగడి పేరు, కింద పెద్ద అక్షరాలతో "ఎంత లోతు నుంచైనా పైకి తెచ్చే బాధ్యత మాది" అని అచ్చువేసి ఉంది.

"ఇవి నీకే" అన్నాడు ముసిముసిగా నవ్వుతూ.

పందేనికి మధ్యవర్తి మునిరత్నమే. తన పాత జీపులో వాళ్లను కాట్పాడి రైలు దగ్గర దింపాడు. ఆ జీపుకి పైకప్పు లేదు. ఆదిమూలం తలకు తువాలు బిగించి కూర్చుంటే, శకుంతలమ్మ నిమ్మకాయ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఏమీ కాలేదు. రాత్రి రైల్లోనూ ఏమీ కాలేదు. "రైలు లెక్క కాదులే, ఓడలో సూద్దాం" అన్నాడు ఆదిమూలం.

కొచ్చిలో ఓడను చూసి ఆవిడ నోరు తెరిచింది. చిత్తూరు బస్టాండు కన్నా పెద్దది. మెట్టెక్కేముందు ఓడను ముట్టుకుని కళ్లకద్దుకుంది. మునిరత్నం జీపు బయల్దేరేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడు కదా, అది గుర్తొచ్చి సంచిలోంచి నాలుగు తీసి, "దీనికి చక్రాలు యాడుండాయి?" అని పక్కనున్న నౌకరును అడిగింది. ఆ మలయాళీ అబ్బాయికి ఏం అర్థమయిందో ఏమో, నిమ్మకాయలు తీసుకుని దండం పెట్టి వంటింట్లో ఇచ్చేశాడు.

సాయంత్రం ఓడ కదిలింది. ఆయనలాగే బహుమానం కొట్టిన మోటారు డీలర్లందరూ పెళ్లాలతో ఓడ పైకి చేరారు. ఆదిమూలం కూడా తువాలు చుట్టుకుని ఒక్క అడుగు బయట పెట్టాడు. సముద్రపు గాలి తువాలును అట్నుంచి అటే అరేబియాకు పంపేసింది. నెత్తిమీది జుట్టు డబ్బా మూత లేచినట్టు నిలువునా లేచింది. ఒక తమిళ డీలరు భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆదిమూలం రెండు చేతులతో నెత్తి మూసుకుని మెట్లు దిగినవాడు, ఓడ అడుగునున్న గదిలో దూరి తలుపేసుకున్నాడు. ఆ గదికి ఒక గుండ్రటి అద్దం ఉందిగానీ అది తెరుచుకోదు.

రాత్రి భోజనంలో పూరీలు, కుర్మా, కోడికూర. వాంతి చేసుకునే మనిషి పక్కన దిట్టంగా తిని చూపించాలని ఆయన పట్టుదల. ఆరో పూరీ దగ్గర ఓడ కాస్త ఒక పక్కకు ఒరిగింది. ఏడో పూరీ దగ్గర రెండో పక్కకు ఒరిగింది. ఆదిమూలం మొహం చింతకాయ రంగుకు తిరిగింది. మింగలేక కక్కలేక అంటారే, అక్కడ ఆయన్ని చూస్తే ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. కుర్చీ తోసేసి గదిలోకి పరుగెత్తాడు.

శకుంతలమ్మ వెళ్లేసరికి "ఎంత లోతు నుంచైనా పైకి తెచ్చే బాధ్యత మాది" అన్న కవరొకటి నిండి ఉంది, రెండోది విప్పుకుంటున్నాడు.

తెల్లారేసరికి ఓడ ఒక దీవి బయట ఆగింది. కల్పేని అన్నారు. అక్కడ్నుంచి చిన్న పడవలోకి దూకాలి. ఆదిమూలం మంచం దిగలేనన్నాడు. కాస్త మజ్జిగ తాగించి, తడిగుడ్డతో మొహం తుడిచి, శకుంతలమ్మ భయంభయంగా ఒక్కతే వెళ్లింది. పడవవాళ్లు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆవిడను బియ్యం మూటలాగా అందుకున్నారు. ఆవిడ "గోవిందా!" అని కేకేసి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి నీళ్లు. ఇన్ని నీళ్లు! అడుగున ఇసక రేణువులు కూడా కనపడుతున్నాయి. ఒడ్డు చేరగానే చీరకట్టుతోనే నీళ్లలో దిగి, తీర్థంలో మునిగినట్టు మూడు మునకలు వేసింది. కొంగులో చిన్న చేప పడితే దాన్ని మళ్లీ వదిలిపెట్టింది. "మా జిల్లాకు ఒక్క బిందెడన్నా ఇయ్యి తల్లీ" అని సముద్రాన్ని అడిగింది. ఉప్పునీళ్లని గుర్తొచ్చి తనే నవ్వుకుంది. ఆ పూట ఆవిడకున్నంత సంతోషం పెళ్లినాడు కూడా లేదు. ఓడెక్కాక కూడా కిందికి పోబుద్ధి కాక పైనే నిలబడింది. పొట్టలో చీమ చిటుక్కుమనలేదు. ఇదేం వింతో ఆవిడకే అంతుపట్టలేదు.

మర్నాడు మినికోయ్‌లో బతిమాలి ఆయన్ని దింపింది. నేల మీద కాలు పెట్టగానే ఆదిమూలానికి ప్రాణం లేచొచ్చింది. దువ్వెన తీశాడు. అన్నం, చేపలకూర దండిగా లాగించాడు. తిరిగి ఓడెక్కగానే తిన్నదంతా కవర్ల మీది అంగడి పేరున జమ అయిపోయింది. దీవిలో మనిషి, ఓడలో శవం. మూడో దీవి కవరత్తిలో ఒక ముసలాయన్ని పట్టుకుని, "ఈడ్నించి కాట్పాడికి బస్సు లేదా అబ్బా?" అని తెలుగులోనే అడిగాడు. పాపం, ఆ ముసలాయన లేత కొబ్బరికాయ కొట్టిచ్చాడు.

ఆఖరి రోజు దీపాలు పెట్టే వేళ, మంచానికి కరుచుకుపోయి ఉన్న ఆదిమూలం కళ్లు తెరవకుండానే చెయ్యి చాపాడు.

"ఏమ్మే... ఆ నిమ్మకాయ ఒకటి ఇట్లియ్యి."

ఆవిడ ఇచ్చింది. ముక్కుకు ఆనించి రెండు ఊపిర్లు తీశాడు. మూడో ఊపిరికి కవరు అందుకున్నాడు.

"ఇది పని సెయ్యలేదే!" అన్నాడు తేరుకున్నాక, ఏడుపు గొంతుతో.

"అది ఎప్పుడు పని సేసింది? పాతికేండ్లుగా పట్టుకోనే కక్కుకుంటాండా గదా."

"మరి ఎందుకు పట్టుకుంటావు?"

శకుంతలమ్మ కవరు మూతి ముడేసి పక్కన పెట్టింది. తర్వాత మామూలుగానే చెప్పింది. "నువ్వు లేసి ముందు సీటుకు పోతావు గదయ్యా. సేతికి ఏదో ఒకటి ఉండాల గదా."

ఆదిమూలం గోడ వైపు తిరిగాడు. ఆవిడకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. జాలే గెలిచి, మంచం పట్టె మీద కూర్చుని ఆయన వీపు నిమిరింది. లేచి ఎక్కడికీ పోలేదు.

తిరుగు రైలు దిగేసరికి కాట్పాడిలో మునిరత్నం లేడు. జీపు చెడిపోయిందని కబురు. ఇక బస్సే గతి. ఇంకొక్క గంట ప్రయాణం గడిస్తే గడప. శకుంతలమ్మ గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టింది. నేల మీదికి రాగానే ఆదిమూలానికి పాత దర్జా తిరిగొచ్చింది. జుట్టు దువ్వి అతికించుకుని, కిటికీ పక్కన కూర్చుని, అద్దం జరిపి మూశాడు.

బస్సు ఊరు దాటిందో లేదో శకుంతలమ్మ కడుపులో తిప్పడం మొదలైంది. నోట్లో నీళ్లూరాయి. అయిపోయింది, సముద్రం దాటి పిల్లకాలవలో మునిగినట్టే అనుకుంది. నిమ్మకాయ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అక్కడే ఆగింది. జీపుకు కప్పు లేదు. ఓడలో తను ఎక్కువసేపు పైనే, గాలిలోనే ఉంది. కింద, తెరుచుకోని అద్దం పక్కన పడుకున్నవాడు ఈయన. ఆవిడ మూసిన అద్దం వైపు చూసింది. అద్దం పక్కనున్న జుట్టు వైపు చూసింది. పాతికేళ్లు!

లేచి, మొగుడి మీదుగా వంగి, అద్దాన్ని బర్రున లాగింది.

గాలి దూసుకొచ్చింది. ఆదిమూలం జుట్టు లేచి వెనక సీటాయన మొహం మీద పడింది. బస్సంతా గొల్లుమంది.

"ఏమ్మే! జుట్టు, జుట్టు!"

"ఎట్లైనా పోయేదే కదయ్యా అది" అంది శకుంతలమ్మ, గుండెల నిండా గాలి పీల్చుకుంటూ.

ఆదిమూలం చెయ్యి అద్దం మీదికి పోయింది. అది మూస్తే పందెం గెలిచినట్టే, ఆ సంగతి ఆయనకూ అర్థమైంది. ఆవిడ మొహం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని నెత్తి మీద పెట్టుకున్నాడు. నాలుగు సీట్లు ముందు ఖాళీ ఉన్నా లేచి పోలేదు.

గడప ముందు మునిరత్నంతో సహా వీధంతా కాచుకుని ఉంది. శకుంతలమ్మ దర్జాగా గడప తొక్కింది. అందరూ ఆదిమూలం వైపు తిరిగారు.

"సేసుకోలేదప్పా" అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ.

"నీకేమీ కాలేదు గదా?" అన్నాడు మునిరత్నం, వదిలే రకం కాదు కనక.

ఆదిమూలం చెప్పులు విప్పే నెపంతో వంగాడు. "ఆయనకేమి! గది బాగుందని రాజా మాదిరి పడుకోనే ఉన్నాడు" అంది శకుంతలమ్మ. కవర్లు ఎన్ని మిగిలాయని మునెమ్మ అడిగితే, అన్నీ అక్కడే పంచిపెట్టేశామంది.

ఆ శనివారమే కల్యాణకట్టలో జానెడు జుట్టూ దేవుడి పాలైంది. కొండ దిగే బస్సులో గుండుకు గంధం పూసుకున్న ఆదిమూలం, కిటికీ పక్క సీటు పెళ్లానికిచ్చి, తనే అద్దం మొత్తం తెరిచాడు. చల్లగాలి నున్నటి నెత్తికి తగిలేసరికి "అబ్బా, ఇంత సుఖమా!" అని పైకే అనేశాడు.

మూడో మలుపులో ముందు సీట్లోని కొత్త పెళ్లికూతురు తల వాల్చింది. ఆమె చేతిలో నిమ్మకాయ. పక్కనున్న మొగుడు మొహం చిట్లించి లేవబోయాడు. ఆదిమూలం అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"యాడికి పోతావప్పా? ఆ అద్దం తెరిసి ఆడనే కూర్చో" అన్నాడు. "ఆ పాప సేతికి ఏదో ఒకటి ఉండాల గదా."

శకుంతలమ్మ ఆ మాట విని కిటికీ వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు గాలికి వచ్చాయని చెప్పింది గానీ, ఆదిమూలం నమ్మలేదు.