కానాగంతల వాటా

తడిసిన కొబ్బరి మోకుకు ఒక వాసన ఉంటుంది. ఉప్పు, నాచు, చేప పొలుసు, పదిమంది చేతుల చెమట అన్నీ కలిసిన వాసన. మొన్న ఆదివారం మా విద్యార్థులను తీసుకుని బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్లాను. పిల్లలంతా సెల్ఫీలు తీసుకుంటూ నీళ్లలోకి దిగిపోయారు. నేను మాత్రం ఆ వాసన పట్టుకుని, ఒడ్డున వల లాగుతున్నవాళ్ల దగ్గరికి నడిచాను. వడ్లమూడిలో లెక్కలు చెప్పుకునే మనిషికి తాడుతో ఏం పని అని వాళ్లు అనుకునే ఉంటారు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, చివర్లో ఖాళీ ఉన్న చోట నిలబడి తాడు పట్టుకున్నాను. కాసేపటికే అరచేతులు మండడం మొదలుపెట్టాయి. "ఏరా పంతులూ, తాడు లాగుతున్నావా, తాడుకి ఆనుకుని నిలబడ్డావా?" అని నాంచారయ్య మాస్టారు పక్కనుంచి అడిగినట్టే అనిపించింది.

నాంచారయ్య మాస్టారు తెనాలిలో మా స్కూలు డ్రిల్లు మాస్టారు. పొట్టి మనిషి, నల్లగా గట్టిగా ఉండేవారు. మెడలో విజిల్ వేలాడుతున్నా ఎప్పుడూ ఊదగా చూడలేదు. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేస్తే మాత్రం పక్కవీధిలో రిక్షాలు కూడా ఆగేవి. సూర్యలంక పక్కన చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, ఆ ఇంట్లో మొదటగా చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్నారు. ఊరంతా క్రికెట్ అంటూ ఊగిపోతున్న రోజుల్లో ఆయన మా చేత పట్టుపట్టి ఫుట్‌బాల్ ఆడించారు. మా నాన్న ఊళ్లో ఒక గుడిలో అర్చకులు కాబట్టి నేను ఆయనకు పంతులునే. నా అసలు పేరు ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

నేను ఫార్వర్డ్‌ని. అంటే, నా లెక్క ప్రకారం, అవతలి వాళ్ల గోల్ దగ్గర నిలబడి, బంతి వస్తే లోపలికి తోసేవాణ్ణి. తోయడం నాకు బాగా వచ్చు. ఆ సంగతి అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. వెనక్కి పరిగెత్తడం, ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం మిగతా వాళ్ల పని అనుకునేవాణ్ణి. పెళ్లికొడుకు పందిరి రాటలు పాతుతాడా? అయితే అదే చోటుకు ఇంకొకడు తయారయ్యాడు. పిట్టలవానిపాలెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే శ్రీను. వరి గట్ల మీద పెరిగిన కాళ్లు, అలుపు తెలియదు. పోయే ప్రతి బంతి వెనకా పోయేవాడు. కాకపోతే గురి బొత్తిగా లేదు. వాడు గోల్‌కి కొడితే బంతి వెళ్లి కాలవలో పడేది. వీడు నాకు పోటీ ఏంటని నవ్వుకున్నాను.

జట్టులో ఎవరున్నారో మాస్టారు ముందు చెప్పేవారు కాదు. గ్రౌండ్‌లో అందర్నీ వరసగా నిలబెట్టి చొక్కాలు ఒక్కొక్కటే విసిరేవారు. తొమ్మిదో నంబరు చొక్కా ఆఖర్న వచ్చేది. ఒకరోజు అది నా తల మీదుగా ఎగిరి శ్రీను చేతుల్లో పడింది. పొరపాటేమో అనుకున్నాను. తర్వాతి మ్యాచ్‌కీ అలాగే పడింది. ఇక ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, గోల్స్ నేనే కొడుతున్నాను కదండి?"

"కొడుతున్నావు."

"మరి శ్రీనుని ఆడిస్తున్నారేంటండి?"

"బంతి అవతలివాడి దగ్గరున్నప్పుడు నువ్వేం చేస్తావు?"

"మన దగ్గరికి ఎప్పుడొస్తుందా అని చూస్తానండి."

"చూసేవాళ్లు గట్టు మీద చాలామంది ఉన్నారు. నువ్వూ పోయి కూర్చో."

కూర్చున్నాను. ఆ వారం ఆయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడడం లేదని ఆయన గమనించనైనా లేదు, అది మరీ కష్టంగా ఉండేది.

దసరా సెలవుల్లో మా జట్టంతటినీ సూర్యలంకకు, వాళ్ల అన్నగారింటికి తీసుకెళ్లారు. పొద్దున్నే ఇసుకలో పరుగులు, తర్వాత ఆట. మాస్టారి వదిన నాగరత్నమ్మను మేమంతా పెద్దమ్మా అనేవాళ్లం. నా ఒక్కడి కోసం ఆవిడ బాపట్ల నుంచి కొత్త గిన్నెలు తెప్పించి, వేరే పొయ్యి మీద పప్పు, అన్నం వండింది. "పంతులుగారి పిల్లాడు మనింటికొచ్చి పస్తుంటే ఎట్టా?" అనేది. ఆ పప్పు రుచి మా అమ్మ ముందు ఎప్పుడూ పొగడలేదు, ఎందుకొచ్చిన గొడవ అని.

ఒకరోజు పొద్దున్న ఊరివాళ్లు అలివి వల వేశారు. పడవలో వలను తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డుకు తెస్తారు. ఆ తాళ్లు పట్టుకుని ఊరంతా గంటల తరబడి లాగాలి. చేప ఎక్కడా కనిపించదు, నీళ్లూ తాడూ తప్ప. మాస్టారు మమ్మల్నీ లాగమన్నారు. కాసేపు లాగాను. చేతులు బొబ్బలెక్కగానే పడవ నీడన కూలబడ్డాను. చాలాసేపటికి వల కొసన చేపలు చేరే సంచి ఒడ్డుకు దగ్గరపడింది, నీళ్లు వెండిలా మిలమిలలాడాయి. అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. మోకాటి లోతు నీళ్లలోకి దిగి, సంచిని వాటేసుకుని, అరుస్తూ ఒడ్డుకు ఈడ్చాను. గోల్ కొట్టినట్టే ఉంది నాకు.

తర్వాత పెద్దమ్మ ఇసుక మీద వాటాలు వేసింది. తాడు పట్టినవాడు ముసలైనా, చిన్నయినా ఒక కుప్ప. ఎవరు పట్టారో, ఎవరు మధ్యలో వదిలారో ఆవిడ కళ్లకు తెలుసు. మా వాళ్లందరి ముందూ కానాగంత చేపల కుప్పలు పడ్డాయి. ఎర్రగా కందిపోయిన చేతులతో శ్రీను తన కుప్పను చూసి మురిసిపోతున్నాడు. నా ముందు ఉత్త ఇసుక.

"నాకు లేదా పెద్దమ్మా?"

ఆవిడ తెల్లబోయింది. "నువ్వు తినవు గదయ్యా?"

"తినే సంగతి కాదొదినా," అన్నారు మాస్టారు వెనకనుంచి. "వాడు తాడు చివరిదాకా పట్టలేదు."

పుట్టి బుద్ధెరిగాక చేపను నోట పెట్టనివాణ్ణి, గుప్పెడు కానాగంతల కోసం ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చాను. అర్చకుడి కొడుకు చేపల కోసం ఏడుస్తున్నాడని జట్టంతా పడీపడీ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చున్నారు. "సంచి ఒడ్డుకొచ్చాక పట్టుకోడానికి ఊరంతా వస్తుందిరా. అది సముద్రంలో ఉన్నప్పుడు పట్టుకోడానికే మనుషులు కావాలి. నాకూ అలాంటోడే కావాలి," అన్నారు. అంతే, లేచి వెళ్లిపోయారు. ఓదార్చడం ఆయనకు చేతకాదు.

తెనాలి వచ్చాక తెల్లవారుజామున నాన్న గుడికి బయల్దేరితే నేను సంగం జాగర్లమూడి వైపు కాలవ గట్టు మీద పరుగుకు బయల్దేరేవాణ్ణి. బంతి అవతలి బ్యాక్ కాళ్ల దగ్గరికి వెళ్లగానే వాడి మీదికి వెళ్లడం, వాడు దాన్ని పక్కవాడికిస్తే వాడి మీదికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. దొరికేది తక్కువ, ఆయాసం ఎక్కువ. పోటీ మాట పోటీదే గానీ, సాయంత్రాలు శ్రీనుకు నేను గురి నేర్పేవాణ్ణి, ఊపిరి ఎలా దాచుకోవాలో వాడు నాకు చెప్పేవాడు. చొక్కా ఒక్కటే అని ఇద్దరికీ తెలుసు. అది కావాలని ఇద్దరికీ ఉంది.

ఆ ఏడు స్కూళ్ల పోటీల ఫైనల్ రేపల్లెలో. మాస్టారు చొక్కాలు విసురుతుంటే ఒక్కొక్కటే లెక్కపెట్టాను. తొమ్మిదో నంబరు నా ఛాతీకి తగిలింది. ఆ రోజు అవతలి జట్టులో తాటిచెట్టంత బ్యాక్ ఒకడున్నాడు. బంతి వాడి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నేను వాడి మీద ఉన్నాను. ఒక్కసారి కూడా ప్రశాంతంగా తలెత్తి చూడనివ్వలేదు. నాకు మాత్రం గోల్ కొట్టే అవకాశం రానే లేదు. ఆట చివరికొచ్చింది, వాడు రొప్పుతున్నాడు, ఇక నా సమయం వచ్చిందనుకుంటుండగా రెండు వేళ్ల ఈల వినిపించింది. నన్ను బయటికి రమ్మని, శ్రీనును లోపలికి పంపారు.

"ఇప్పుడా మాస్టారూ?" అన్నాను.

"కూర్చో," అన్నారు, నా వైపు చూడకుండా.

కాసేపటికే ఆ తాటిచెట్టు కాళ్లు తడబడి బంతిని సరిగ్గా తన్నలేకపోయాడు. అది వెళ్లి శ్రీను ముందు పడింది. నేను నేర్పిన మూలకే నేర్పినట్టుగా వాడు బంతిని తోశాడు. గెలిచాం. శ్రీనును భుజాల మీద ఊరేగించారు, మెడలో దండ వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. సంతోషం నిజమే, దాని వెనక ఏడుపూ నిజమే.

అప్పుడు మాస్టారు ఒక కవరు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ఆట చూడ్డానికి నిజాంపట్నం నుంచి వచ్చిన ఆయన తమ్ముడు తెచ్చిన కవరు. తెరిచి చూస్తే కానాగంతలు.

"నీ వాటా," అన్నారు, అందరికీ వినబడేట్టు.

"నేను తిననండి."

"తినమన్నానా? పట్టుకెళ్లు."

రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజర్లో నా పక్క సీట్లు ఖాళీ అయిపోయాయి. కవరు కారుతోంది, నిక్కరు తడుస్తోంది, నేను దాన్ని ఒళ్లోంచి దించలేదు. ఇంటి గేటు దగ్గర నాన్న ఎదురొచ్చారు.

"ఏంట్రా అది?"

"చేపలు నాన్నా. మాస్టారిచ్చిన వాటా."

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "ఎన్ని గోల్స్ కొట్టావేంటి?"

"ఒక్కటి కూడా లేదు."

"మరెందుకిచ్చారు?"

"పరిగెత్తినందుకు."

"లోపలికి తేకూడదు. పారేయనూ కూడదు, కష్టార్జితం," అని నాన్న ఎదురింటి సుబ్బులత్తను కేకేసి ఆవిడకు ఇప్పించారు. తర్వాత నన్ను కుళాయి దగ్గర నిలబెట్టి బకెట్టుతో నీళ్లు గుమ్మరించారు. మర్నాడు గుడికొచ్చిన ప్రతివాళ్లతోనూ, "మావాడికి రేపల్లెలో వాటా ఇచ్చారండి," అని చెప్పుకున్నారు. దేంట్లో వాటా అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు రిటైరై సూర్యలంకలోనే ఉండిపోయారు, అక్కడే పోయారు. నేను ఫుట్‌బాల్‌తో పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. కానీ ఇన్నేళ్లుగా కాలేజీలో ఎవరి కంటా పడని పని ఏది నెత్తిన పడ్డా, ఇది సముద్రంలో ఉన్న సంచే కదా అనుకుంటాను. చేదుగా అనిపించదు. ఆయన మీద నాకున్న ప్రేమ ఆయనకెప్పుడూ చెప్పలేదు. చెబితే, నా వైపు చూడకుండా, కూర్చోరా అనేవారు.

మొన్న సంచి ఒడ్డుకొచ్చేసరికి మా విద్యార్థులంతా ఫోన్లు పట్టుకుని దాని మీదికి పరిగెత్తారు. నేను తాడు వదల్లేదు. వాటాలు వేస్తున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి ఆగిపోయి, పక్కన పీట మీద కూర్చున్న ముసలావిడను అడిగింది, "నాయనమ్మా, ఈయనకీ వెయ్యాలా?" అది పెద్దమ్మే. చూపు దాదాపు పోయింది. చెయ్యి చాపింది, "పంతుల్ని పెద్దమ్మా," అంటూ నా చెయ్యి అందించాను. అరచేతిని బొటనవేలితో తడిమి, బొబ్బలున్న చోట ఆగింది.

"మా మరిది పిల్లాడే," అంది. "వెయ్యి."

తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. కవరు కారుతోంది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని తెనాలి దాకా కూర్చున్నాను.